ఫోటో దిగినోళ్లకే ఫైలు

పోయిన శుక్రవారం పొద్దున వికారాబాద్‌లో ఒక పెళ్లింటికి బయలుదేరుతూ కెమెరా బ్యాటరీలు సర్దుకుంటున్నాను. తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. మా చిన్నమ్మ స్టూడియో పక్కన బట్టలు కుట్టే భాయ్ గొంతు అది. "బిడ్డా, జర కూసో. మీ చిన్నమ్మ పోయింది" అన్నాడు. ఆ మాట అంటూ ఆయనే ఏడ్చాడు. ఆ పెళ్లి పని ఇంకొకరికి అప్పజెప్పి తాండూరు రైలెక్కాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. తాండూరు రైల్వే స్టేషన్ దారిలో ఒంటి గది స్టూడియో ఆమెది. అది చిన్నాయన పెట్టినది. ఆయన పోయాక అమ్మేయమని ఇంట్లో అందరూ అన్నారు. ఆమె అమ్మలేదు, కెమెరా తన చేతిలోకి తీసుకుంది. ఆడమనిషే తీస్తుందని తెలిసి ఆడవాళ్లు రావడం మొదలైంది. బురఖాలో వచ్చినవాళ్లు తలుపు గడియ పెట్టాక ముసుగు తీసి నవ్వేవాళ్లు. కందిచేలో పని ముగించుకుని అటే వచ్చినవాళ్లు కాళ్లుచేతులు కడుక్కుని, తెచ్చుకున్న కొత్త చీర లోపలి గదిలో కట్టుకునేవాళ్లు. నేను పని నేర్చుకున్నది అక్కడే.

మీలో ఎవరైనా అక్కడ ఫోటో దిగి ఉంటే ఆమె మొదటి మాట గుర్తుండే ఉంటుంది. కూర్చోమనేకంటే ముందే ధర చెప్పేది. "ఫోటో దిగుడుకు నాలుగు వందలు. పెద్ద ప్రింటు ఒకటి అండ్లనే వస్తది. ఫైలు గూడ కావాలంటే ఇంకో రెండు వందలు." అంత ముక్కుసూటిగా ఎందుకని ఒకసారి అడిగాను. "ఎన్ని పైసలు అడుగుతదో అని ఫికర్ వెట్టుకొని కూసుంటే మొఖంల నవ్వు వస్తదా బిడ్డా?" అంది.

ఫైలు దగ్గరే పేచీ వచ్చేది. "ఫోన్ల పంపుడుకు పైసలెందుకమ్మా? ఒత్తితే పోతది గద" అనేవాళ్లు.

"పంపుడుకు కాదు. నీ మొఖం నీ లెక్కనే కనవడాలని కండ్లు గుంజేదాక కంప్యూటర్ ముంగట కూసున్న. గా కూసున్నదానికి అడుగుతున్న" అనేది. కసురుకునేది కాదు. కొందరు ఇచ్చేవాళ్లు, కొందరు ప్రింటు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. నేనేమో వికారాబాద్‌లో అన్నిటికీ కలిపి ఒకే ధర చెప్పి, తీసినవన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేస్తాను. "అన్నీనా? కండ్లు మూసుకున్నయి గూడనా?" అని నవ్వేది.

ఒక టీచరమ్మ విషయం మీకు చెప్పాలి. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే ఆ అమ్మాయి సంబంధం కోసం తల్లితో వచ్చి ఫోటోలు దిగింది. పద్ధతిగా నిలబడి దిగినవి అయ్యాక, తన కోసమని జుట్టు వదులుకుని నవ్వుతూ మరికొన్ని దిగింది. నిలబడి దిగిన ఫోటో ప్రింటు మగపిల్లవాడి ఇంటికి పోయింది. వాళ్లకు నాపరాయి పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయి. వాళ్లు సరేనన్నారు, అమ్మాయి వద్దంది.

కొన్నాళ్లకు ఆ అబ్బాయి స్టూడియోకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఆ పిల్లయి ఎన్ని ఫోటోలు తీసినవో అన్ని ఫైళ్లు నాకు కావాలె. రేటు చెప్పు" అంటూ బల్ల మీద నోట్లు పెట్టాడు.

చిన్నమ్మ వాటి వైపు చూడలేదు. "రేటు ఫోటో దిగినోళ్లకు. నువ్వు దిగలేదు గద నాయినా."

"మా చెల్లె పెండ్లి ఆర్డరు నీకే ఇచ్చినం. యాది మర్చినవా?"

"యాదికున్నది." ఆమె సొరుగు లాగి, ఆ పెళ్లికి వాళ్లిచ్చిన అడ్వాన్సు తీసి అతని నోట్ల పక్కనే పెట్టింది. "రెండూ కలిపి తీస్కపో."

అతను గొంతు పెంచాడు. పక్క కొట్టులో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. భాయ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అబ్బాయి డబ్బు జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే టీచరమ్మను పిలిపించింది. ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి, కంప్యూటర్‌లో ఉన్నవి ఆమె కళ్లెదుటే తీసేసింది. ఆ పిల్ల ఏడుస్తూ, "ఎంత ఇయ్యాలె ఆంటీ?" అంది. చిన్నమ్మ ఎప్పటిలాగే రెండు వందలు అడిగి తీసుకుంది. ఈరోజు కూడా తీసుకోవాలా అని తర్వాత నేనంటే, "తీస్కోకుంటే నేనేదో దయ జేసినట్టయితది. దాని ఫోటో అది కొనుక్కున్నది. ఇగ ఎవరికీ తల వంచే పని లేదు దానికి" అంది.

ఆ తర్వాత నాపరాయి బండల వ్యాపారుల ఇళ్లలో పెళ్లిళ్లు ఆమెకు రాలేదు. పాస్‌పోర్ట్ ఫోటోలు మిగిలాయి. బాధ కాలేదా అని అడిగితే, ఎందుకు కాదంది. "గా పెండ్లిళ్లు ఉంటే కొత్త కెమెరా కొందును" అని చేతిలోని పాత కెమెరా తుడుచుకుంది.

ఈ మధ్య గుండెకు జబ్బు చేసింది. వికారాబాద్‌లో డాక్టర్‌కు చూపించుకోవడానికి రైల్లో వచ్చి మా ఇంట్లో దిగేది. మందులు పక్కన పెట్టి నేను తీసిన పెళ్లి ఫోటోలు చూపించమనేది. చివరిసారి వచ్చినప్పుడు ఒక పెళ్లికూతురి ఫోటో దగ్గర ఆగింది. "గీ పిల్లకు ఏడుపొచ్చింది. అది తూడ్సుకునేదాక ఆగి తీసినవ్. మంచిగ జేసినవ్ బిడ్డా" అంది. ఇన్నేళ్లలో నా పనిని ఆమె మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. మర్నాడు రైలెక్కించి వచ్చాను.

చర్చి వెనక ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు సామాను సర్దుదామని స్టూడియో షట్టర్ ఎత్తాను. లైటు వేసీ వేయకముందే, బంట్వారం నుంచి బస్సులో వచ్చానంటూ ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. పింఛన్ కాగితాలకు ఫోటో కావాలంది. "అమ్మ లోపలున్నదా?" అని అడిగింది. చెప్పబోయి, గబగబా స్టూలు మీది దుమ్ము తుడవసాగాను.

"పరేషాన్ కాకు బిడ్డా. ఆమె వచ్చేదాక కూసుంట" అంది.

స్టూలు మీద నిటారుగా కూర్చుంది. తడి అరచేత్తో జుట్టు అణచుకుంది. కొంగు భుజం మీద సరిచేసుకుని, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, రెప్ప వేయకుండా లోపలి గది తెర వైపు చూస్తూ ఉంది.