డ్రైవరు బాబాయి కాలిబాట

సముద్రం ఒడ్డున కొండ అంచు కాలిబాట. మొదటి మలుపు తిరగబోతూ మా బాబాయి కుడిచెయ్యి చాచి సిగ్నల్ ఇచ్చాడు. ఆ చెయ్యి తగిలి, పక్కనుంచి దాటబోతున్న పెద్దమనిషి టోపీ ఎగిరి సముద్రంలో పడింది.

"మలుపులో ఓవర్‌టేక్ చెయ్యకూడదండీ," అని బాబాయి ఆయనకి మర్యాదగానే చెప్పాడు.

బాబాయి బస్సు డ్రైవరు. రిటైరయ్యాడు గానీ ఆ సంగతి ఒంటికింకా తెలీదు. ఉద్యోగమంతా ఆ పైన కనిపించే ఘాట్ రోడ్డు మీదే చేశాడు, బస్సుకి ఒక్క గీత పడనివ్వలేదు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా పిన్ని ముందు సీట్లో కూర్చుని, "అబ్బ, సముద్రం చూడండీ!" అనేది. ఆయన మెడ తిప్పితే ఒట్టు. అందుకే రిటైరవగానే ఆవిడ కోరింది ఒకటే: ఈ బాటంతా నడవాలి, ఆయన ఒక్కసారైనా తనతో కలిసి సముద్రం చూడాలి. తోడుకి నన్నూ లాక్కొచ్చింది.

నడిచాం. ఆవిణ్ణి కొండవైపు ఉంచి, తను అంచువైపు నడుస్తూ, బాబాయి చూపు బాట మీంచి తియ్యలేదు. మలుపు మలుపుకీ నోటితో హారన్. ఆగినచోటల్లా చేతికర్రతో మా చెప్పులు తట్టి గాలి సరిపోయిందో లేదో చూసేవాడు.

"అదిగో, పడవలు!" అనేది పిన్ని.

"ముందు గుంట ఉంది, చూసుకో," అనేవాడు.

బాట అయిపోవచ్చింది. పిన్ని ముఖం చిన్నబోయింది. ఉన్నట్టుండి దారికడ్డంగా ఉన్న బండ మీద చతికిలబడింది.

"మీరు చూసేదాకా నేను కదల్ను."

"లేవవే, వెనక ట్రాఫిక్ ఆగిపోతోంది."

నిజంగానే ఆగింది. ఓ ముసలి జంట, వాళ్ళ కుక్క, ఓ లావుపాటి ఫొటోగ్రాఫరు. "సర్వీసులో రాని చెడ్డపేరు నీ పుణ్యమా అని ఇవాళ వచ్చింది," అని గొణుక్కుంటూ బాబాయి వాళ్ళందర్నీ చెయ్యూపి పక్కనుంచి పంపించాడు. కుక్కకీ సైడిచ్చాడు. ఇక చెయ్యడానికి పనేం మిగల్లేదు. రెండు రాళ్ళు ఏరుకొచ్చి, టైర్లకి పెట్టినట్టు పిన్ని కాళ్ళ ముందొకటి, తన కాళ్ళ ముందొకటి అడ్డంపెట్టి, పక్కన కూర్చుని మెల్లిగా మెడ తిప్పాడు.

చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

పిన్ని సంతోషించాలా? ఆవిడకి కోపం ముంచుకొచ్చింది.

"ఇంత ఇష్టంగా చూసే మనిషి, నేను అన్నేళ్ళు మొత్తుకుంటే ఒక్కసారీ ఇటు చూడలేదేమండీ?"

బాబాయి చూపు మరల్చకుండానే అన్నాడు: "చూసుంటే ఈపాటికి బస్సుతో సహా అందులోనే ఉండేవాళ్ళం కదే."