మావయ్య అందరికీ పంపిన క్షమాపణ

వెబ్‌సైటు పెట్టుకునేవాళ్లకి చోటిచ్చే కంపెనీవాళ్లు చూపించే నిబంధనలు మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదివిన మనిషిని నా జన్మలో ఒక్కణ్నే చూశాను. ఆయన మా మేనత్త మొగుడు. కోటబొమ్మాళిలో స్టేషనుకెళ్లే దారిలో నాకో చిన్న ఇంటర్నెట్ సెంటరు ఉండేది. హాల్‌టికెట్లు, ఆధార్ ప్రింట్లు, పెళ్లి శుభలేఖలు, అన్నీ అక్కడే. మా బాప్టిస్టు సంఘానికి వెబ్‌సైటు పెడదామని పెద్దలు అనుకున్నప్పుడు ఆ పని సహజంగా నా నెత్తిన పడింది. మావయ్య సంఘానికి కార్యదర్శి, ఇంగ్లీషు మాస్టారుగా రిటైరైనవాడు. సైటు ఆయన పేరు మీదే తీసుకున్నాం. "అంగీకరిస్తున్నాను" అన్న గడిలో నేను టిక్కు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సదవకుండా ఒప్పుకోడమేటే?"

"ఎవులూ సదవరు మావయ్యా. అందరూ ఇలాగే నొక్కీసి ఊరుకుంటారు."

"అందరూ అబద్ధమాడతారని మనమూ ఆడతామేటి. ప్రింటు తియ్యి."

ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్లి ఎర్ర పెన్నుతో చదివాడు. మర్నాడు తెచ్చి ఒకచోట కామా లేదని చూపించాడు. బూతుబొమ్మలు పెట్టకూడదు, జూదం ఆడించకూడదు, దొంగ సినిమాలు ఉంచకూడదు, ఒకరి పేరుతో ఒకరు ఉత్తరాలు రాయకూడదు, అడగనివాళ్లకి గుంపుగా మెయిళ్లు పంపకూడదు. తప్పితే ఖాతా మూసేస్తారు. ఫైళ్లు పోతే పూచీ లేదు. "బాగున్నాదే. మన సంఘం నియమావళి కన్నా ఇదే నయం. మనోలకి కూడా ఓసారి సదివి ఇనిపించాల" అని మెచ్చుకుని, అప్పుడు తన వేలితోనే టిక్కు నొక్కాడు. గుంపు మెయిళ్ల మాట ఆయన చదివాడు. అది సబ్బులూ, ఇన్సూరెన్సులూ అమ్ముకునేవాళ్ల కోసం రాశారనుకున్నాడు. చదివి ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని.

సైటు తయారయ్యాక సంఘం పేరుతో కొత్త మెయిల్ అడ్రసు కూడా వచ్చింది. అది చూసుకుని మావయ్య మురిసిపోయాడు. పాత అడ్రసు తీసేయించి, కంపెనీవాళ్ల దగ్గర కూడా ఈ కొత్తదే రాయించాడు.

ఇక మా అత్త గొంతు సంగతి చెప్పాలి. చర్చిలో పాటల పుస్తకం ఉంది, హార్మోనియం ఉంది. కానీ అత్త పాడే పాటలు ఆ పుస్తకంలో ఉండవు. వాళ్ల అమ్మమ్మ వరినాట్లు వేస్తూ పాడుకున్న బాణీల్లో భక్తి మాటలు కూర్చుకున్న పాటలవి. మాటలు నలుగురికీ తెలుసు. బాణీలు మాత్రం అత్తకే వచ్చు. ఒక చరణాన్ని సాగదీసి సాగదీసి, చివర్న చటుక్కున కిందికి దింపే విరుపొకటి ఉండేది. ఎంతమంది ప్రయత్నించినా ఇంకెవరికీ పట్టుబడలేదు. మావయ్య పాడితే కాకులు లేచిపోతాయని అత్తే అనేది. అందుకని చర్చిలో ఆయన పెదవులు కదపడమే తప్ప గొంతు విప్పేవాడు కాదు.

అలాంటి గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయాలయ్యాయి, ఉప్పునీళ్లు పుక్కిలించడాలయ్యాయి. చివరికి విశాఖలో డాక్టర్లు స్వరపేటిక తీసెయ్యాలన్నారు. తీస్తే మనిషి ఉంటుంది, మాట ఉండదు. "మనిషుంటే సాల్లెండి" అంది అత్త డాక్టరుతో, పక్కింట్లో పప్పు అరువడిగినంత తేలిగ్గా. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"పాటలు ఏటవుతాయే?" అని నన్నడిగింది.

ఆపరేషనుకి ముందు మధ్యాహ్నాలు చర్చి పక్కగదిలో ఫ్యాను కట్టేసి, నా ఫోన్లో రికార్డు చేశాం. బొంగురు గొంతుతోనే పాడింది. మధ్యలో రైలు కూత పడితే ఆగి, రెండు గుక్కలు నీళ్లు తాగి, మళ్లీ మొదలెట్టేది. పాటలన్నీ సైట్లో ఎక్కించాను. తర్వాత కొన్నాళ్లకి ఫోన్లో మెమరీ కార్డు చెడిపోయింది, షాపువాడు లాభం లేదన్నాడు. సైట్లో ఉన్నాయి కదా అని ఎవరమూ కంగారు పడలేదు. అప్పటికి ఆసుపత్రి కంగారే మాకు సరిపోయింది.

మాలో ఒక పద్ధతుంది. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ప్రార్థన విన్నపం ఊరూరా పంపాలి. పూర్వం కార్డుముక్కలు రాసేవారు, సభలకెళ్లినప్పుడు చీటీలు అందించేవారు. ముఖం తెలియనివాళ్లకి రాయడం తప్పు కాదు. రాయకపోతేనే తప్పు, "మాకు కబురు పెట్టలేదేటి, మేం పరాయోలమా" అని నిష్ఠూరాలొస్తాయి. మావయ్య దగ్గర సంచీడు విజిటింగ్ కార్డులు, క్రైస్తవ పత్రికల వెనక అట్టలు ఉండేవి. వాటిమీద కనిపించిన ప్రతి మెయిల్ అడ్రసూ నా సెంటర్లో కూర్చుని, ఒక్క వేలితో కొట్టి, సైటు నుంచి మెయిళ్లు వెళ్లే జాబితాలో చేర్చాడు. సాలూరులో లారీ విడిభాగాలమ్మే ఒకాయన కార్డు కూడా అందులో ఉంది, ఏదో పెళ్లిలో ఇచ్చినది.

"ఈయన మనోడు కాడు కదా మావయ్యా" అన్నాను.

"అయితే ఏటి? దేవుడు ఆయన మాట ఇనడేటి?"

ఆపరేషను ముందు పంపాడు. ఆపరేషను రోజు పంపాడు. కుట్లు విప్పారని పంపాడు. ఒకసారి అడిగి ఊరుకుంటే అది ప్రార్థనే కాదంటాడు. మేలు జరిగాక చెప్పకపోతే కృతజ్ఞత లేనట్టంటాడు. ఆపరేషను బాగానే జరిగింది. అత్త ఇంకా విశాఖలోనే ఉంది, మావయ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. అప్పుడొచ్చింది కంపెనీ నుంచి మెయిలు.

మర్యాదగానే రాశారు. మీ ఖాతా నుంచి అడగనివారికి గుంపు మెయిళ్లు వెళ్తున్నాయని ఫిర్యాదులొచ్చాయి, వెంటనే ఆపండి, ఇంకోసారి జరిగితే ఖాతా మూసేస్తాం అని. మావయ్య ముఖం నల్లబడిపోయింది. సైటు పోతుందని భయపడుతున్నాడనుకున్నాను. ఆయన బాధ అది కాదు.

"ఎవులికో మనసు కష్టమైనాది కదే. లేకపోతే ఫిర్యాదు ఎందుకు సేస్తారు? ఎవులో పేరు సెప్పలేదు ఈల్లు."

"అది వొగ్గీ మావయ్యా. ఇంక ఒక్క విన్నపం కూడా పంపకు. సైటు పోతాది, పాటలు అందులోనే ఉన్నాయి."

"పంపను. పంపనని సెప్తన్నాను కదా."

ఆ ఆదివారం ప్రభువు బల్ల, యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. మా దగ్గర ఎవరితోనైనా మనస్పర్థ ఉంటే వెళ్లి సర్దుకుని, క్షమాపణ అడిగాకే రొట్టె, ద్రాక్షరసం ముట్టాలి. శనివారం సాయంత్రం చర్చి ముందు రోడ్డు మీద ఇద్దరు మొగాళ్లు చేతులు పట్టుకుని తలలు దించుకుని మాట్లాడుకుంటున్నారంటే, రేపు బల్ల అని దారిన పోయేవాడికి కూడా తెలిసిపోతుంది. మావయ్య మనసు నొప్పించినవాళ్లెవరో ఆయనకి తెలియదు. ఎవరి చేతులు పట్టుకుంటాడు? అందుకని శనివారం నేను భోజనానికి ఇంటికెళ్లినప్పుడు సెంటర్లో కూర్చుని, జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ క్షమాపణ పంపాడు. మిమ్మల్ని అడగకుండా ఉత్తరాలు రాసినందుకు మన్నించండి, ఇకమీదట రాయవచ్చో లేదో దయచేసి తెలపండి అని. చక్కటి ఇంగ్లీషు, ఒక్క కామా తప్పు లేదు. తాను వాళ్ల మాట విన్నానని తెలియడానికి కంపెనీవాళ్లకి కూడా ఒక ప్రతి పంపాడు.

నేను తిరిగొచ్చేసరికి తేలికపడ్డ ముఖంతో కూర్చున్నాడు.

"అయిపోనాది. అందరికీ సెప్పీసినాను."

"ఏటి సెప్పీసినావు?"

పంపిన మెయిలు తెరిచి చూశాను. చిన్నా పెద్దా చూడలేదు. "పంపొద్దన్నారని సెప్పడానికి మళ్లీ అందరికీ పంపుతావా? పంపనన్నావు కదా?" అని అరిచాను. కరెంటు బిల్లు కట్టడానికొచ్చినాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"విన్నపం పంపనన్నాను. పంపలేదు. ఇది క్షమాపణే" అన్నాడు మావయ్య నెమ్మదిగా. "తప్పు సేసినోడు నోరు మూసుకుని కూకుంటాడేటి?"

నేను గుమ్మంలో ఆయన చేతిలోంచి బిల్లు అందుకుని కంప్యూటరు వైపు తిరిగిపోయాను.

సాయంత్రానికి సైటు పోయింది. చర్చి బొమ్మ ఉండాల్సిన చోట తెల్లటి పేజీ, దానిమీద ఈ ఖాతా నిలిపివేయబడింది అని ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ రోజు నాకు బాగా తెలిసింది.

కంపెనీకి ఫోన్ చేశాం. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. ఖాతా మీదేనని రుజువు కావాలి, మీరిచ్చిన మెయిల్ అడ్రసుకి ఒక కోడ్ పంపాం, అది చెప్పండి అంది. మేమిచ్చిన అడ్రసు సంఘం పేరుతో ఉన్న కొత్తది. సైటుతో పాటు అదీ మూతపడింది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది మా పని. ఆ మాటే చెప్పాను. "మీ ఇబ్బంది అర్థమైంది మేడమ్, కోడ్ చెప్పండి" అంది. మావయ్య ఫోన్ లాక్కుని, సైటు అక్కర్లేదు, నా భార్య పాటలు మాత్రం ఇప్పించండి, ఆమెకి ఇక గొంతు లేదు అని బతిమాలాడు. తరగతిలో పిల్లల్ని గడగడలాడించిన మనిషి గొంతు అలా అడుక్కుంటుంటే నేను వినలేక బయటికొచ్చేశాను. ఎన్నిసార్లు చేసినా కొత్తవాళ్లే ఎత్తేవారు, కథంతా మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడెవరో, పూజారెవరో కూడా మాకు తెలియలేదు.

నా సొంత మెయిలు నుంచి మావయ్య గుర్తింపు కార్డులు, సంఘం ముద్ర వేసిన అర్జీ పంపాం. చివరికి జవాబొచ్చింది. హెచ్చరించాక కూడా నిబంధన ఉల్లంఘించినందుకు ఖాతా రద్దు చేశాం, అలాంటి ఖాతాల ఫైళ్లు తీసేస్తాం, తిరిగివ్వడం కుదరదు. ఏ నిబంధనో కూడా రాశారు. మావయ్య ఇంటికెళ్లి ఆ పాత ప్రింటు తీసి చూశాడు. ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర గీత కూడా ఉంది, ఆయన గీసుకున్నదే.

"ఆల్ల తప్పు నేదే" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లని కడుపారా తిట్టుకోడానికైనా వీల్లేకుండా చేశాడు మహానుభావుడు.

అత్త ఇంటికొచ్చింది. మెడ దగ్గర ఊపిరి పీల్చుకునే రంధ్రం, దానిమీద పల్చటి గుడ్డ. మాట్లాడ్డానికి చిన్నపిల్లల పలక కొనిచ్చాం. చూడ్డానికెళ్తే నా ఫోన్ వైపు వేలు చూపించి, చెవి మీద చెయ్యి పెట్టుకుంది. పాటలు పెట్టమని. వెనక నిలబడ్డ మావయ్య వద్దన్నట్టు తల ఊపాడు. నేను ఆ తెల్ల పేజీ చూస్తూ, "సిగ్నల్ నేదత్తా" అన్నాను. ఆవిడ పలక మీద "ఎప్పుడూ ఇంతే. రేపు పెట్టు" అని రాసి, నా బుగ్గ గిల్లింది. తర్వాత వెళ్లినప్పుడూ అడిగింది. తర్వాత నేను వెళ్లడం తగ్గించేశాను.

మళ్లీ ప్రభువు బల్ల వచ్చింది. రొట్టె పళ్లెం మగవాళ్ల వరసలో మావయ్య దాకా వచ్చింది. ఆయన ముట్టుకోకుండా పక్కవాడికి అందించాడు. ద్రాక్షరసం కూడా అంతే. కార్యదర్శి పళ్లెం వదిలేస్తే ఎవరు చూడరు? ఆడవాళ్ల వైపు నుంచి అత్త చూసింది. ఇంటికెళ్లగానే పలక ఆయన ముఖానికెదురుగా పట్టుకుంది. వెనకాలే వెళ్లిన నాక్కూడా కనిపించింది. "ఎవరితో గొడవ?"

"నీతోనే" అన్నాడు మావయ్య. "నీ పాటలు నేవు. నానే పోగొట్టీసినాను. దేశమంతటికీ క్షమాపణ సెప్పుకున్నాను, నీకే సెప్పలేకపోనాను."

జరిగింది మొత్తం చెప్పాడు. అత్త మంచం మీద కూర్చుంది. నోరు తెరిచింది. మెడ దగ్గర గుడ్డ పైకి లేచి కిందికి పడింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ ఏడుస్తోందని అర్థమవడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఏడుపుకి కూడా గొంతు కావాలని అంతవరకూ నాకు తెలియదు.

కాసేపటికి చెంగుతో ముఖం తుడుచుకుంది. పలక తీసుకోలేదు. మావయ్య చెయ్యి లాక్కుని, అరచేతి మీద వేళ్లతో పాటకి తాళం వేసింది. ఆయనకి అర్థం కాలేదు. ఆయన నోటి వైపు వేలు చూపించి, మళ్లీ తాళం వేసింది.

"నానా? నాను పాడితే కాకులు లేచిపోతాయంటావు కదే."

ఆవిడ తాళం ఆపలేదు. ఆయన పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం ఎలాగో లాక్కొచ్చాడు. ఆ విరుపు దగ్గరికొచ్చేసరికి తప్పింది. అత్త చెయ్యెత్తి ఆపింది, మళ్లీ తాళం. నేనూ గొంతు కలిపాను. నాకూ తప్పింది. వేలితో గాల్లో ఒక గీత గీసి, చటుక్కున కిందికి దింపి చూపించింది. వేలు ఎక్కడికెళ్లిందో మాకు కనిపించింది, గొంతు అక్కడికి వెళ్లలేదు. సాయంత్రం దాకా అదే పని. మేం ఎక్కడ దింపినా ఆవిడ చెయ్యి లేచేది. అది కాదని ఆ చెయ్యి చెప్పగలిగేది. ఏది సరైనదో పాడి చూపించడానికి ఆవిడకి గొంతు లేదు. మావయ్య మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు.