పేరెత్తకూడని కర్త

కొండ కింద మా బడిలో ఆ రోజు ఐదో తరగతికి, ఒకే కర్త రెండు పనులు చేసే వాక్యాలు నేర్పుతున్నాను. 'ఆవు గడ్డి మేసింది, నీళ్లు తాగింది' అని బోర్డు మీద రాసి, ఇలాంటిది ఇంకొకటి చెప్పమన్నాను. ముందు బెంచీలో అమ్మాయి లేచింది.

"నిన్నొచ్చీసినాడు, మా అరటితోట తొక్కీసినాడు."

"ఎవరు? కర్త ఏదీ?"

"సెప్పకూడదు టీచరమ్మా. పెద్దాయన. పేరెత్తితే మళ్లీ వచ్చీస్తాడు."

ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగు ఆ చుట్టుపక్కలే తిరుగుతోందని నాకూ తెలుసు. అయినా రోజూ విజయనగరం నుంచి బస్సులో వచ్చిపోయే నాకు, ఆ నమ్మకం వినగానే ఒళ్లు మండింది. సుద్దముక్క విరిగేలా నొక్కి 'ఏనుగు వచ్చింది, తోట తొక్కింది' అని రాసి, అందరినీ చదవమన్నాను. అందరూ చేతులతో నోళ్లు మూసుకున్నారు. నేనే గట్టిగా చదివాను.

పిల్లలంతా కిటికీ వైపు తిరిగారు. అవతల జీడితోటలో ఏదో కొమ్మ ఫెళ్లున విరిగింది.

గాలే అయివుంటుంది. కానీ పరుగెత్తుకెళ్లి తలుపు గడియ పెట్టింది నేనే. డస్టర్ కోసం చూడకుండా అరచేత్తో 'ఏనుగు'ను చెరిపేసి, ఆ ఖాళీలో 'పెద్దాయన' అని రాశాను.