ముంచని నీళ్లు

నన్ను అందరు ‘జెరూసలేం అన్న’ అంటరు. మా దిక్కు క్రైస్తవులల్ల ఎవరన్న ఆ యాత్ర చేసి వస్తే పేరు ముందర అది తగిలిస్తరు. అదొక గౌరవం. ఏండ్ల సంది నేను మోస్తున్న బరువు ఆ పేరే. బజార్ల ఎవరో ప్రేమతోటి కేకేస్తరు. నాకు మాత్రం దొంగా అని పిలిచినట్టే వినబడుతది. అయినా నవ్వి చెయ్యెత్తుత. ఎత్తకపోతే ఏమనుకుంటరో అని భయం.

నా పేరు మీకెందుకు? మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు, అందుకే నోరు లేస్తున్నది. మా పాస్టరు గారికి చెప్పలే. నా భార్యకు చెప్పలే. రోజూ మోకాళ్లూని దేవునికి చెప్పుకుంటున్న గద అని ఇన్నేండ్లు మనసుకు సర్దిచెప్పుకున్న. దేవునికి తెలిసిన సంగతే దేవునికి చెప్పుడు ఏం గొప్ప? చెప్పాల్సిన మనిషి వేరే ఉంది.

ఆమె సుగుణక్క. నాకు చుట్టం కాదు, ఒకే సంఘం వాళ్లం. దుమ్ముగూడెం అవతల అడవి లోపల ఆడపిల్లల హాస్టల్ల వంట చేస్తది. భర్త ఎప్పుడో పోయిండు. ఒక్కడే కొడుకు, ఆనంద్, ఇంటర్ చదువుతుండె. ఒక వానాకాలం దోస్తులతోటి గోదాట్లకు ఈతకు దిగిండు. దిగినోడు మళ్ల పైకి రాలే. పడవలేసి ఎంత దూరం వెతికినా శవం గూడ దొరకలే. శవం లేదు, సమాధి లేదు. సమాధుల పండుగనాడు అందరు పూలు, కొవ్వొత్తులు పట్టుకోని పోతుంటే అక్క ఇంట్లనే కూసుంటది. ఎవరి కాడికి పోతది? బస్సుల భద్రాచలం వచ్చేటప్పుడు గోదారి కనబడే కాడ కొంగు మొకం మీదికి లాక్కుంటది.

ఒకసారి మా సంఘానికి బయటి నుంచి ఒక పెద్ద పాస్టరు గారు వచ్చిన్రు. జెరూసలేం ఉన్న దేశం సంగతులు చెప్పుకుంట, ఎడారి నడుమ ఒక ఉప్పు సముద్రం ఉంది, పేరుకే సముద్రం గానీ పెద్ద చెరువే, దాంట్ల మనిషి మునగాలన్నా మునగడు అన్నడు. జనం నవ్విన్రు. సుగుణక్క నవ్వలే. మీటింగు అయినంక ఆయన ఎనకాలే పోయి, ఈత రాకున్నా మునగరా అయ్యా అని అడిగింది. ఆ రోజు సంది ఆమెకు ఒక్కటే కోరిక. జెరూసలేం పట్నం గూడ కాదు. ముంచని నీళ్లు దేవుడు చేసిండో లేదో, ఒక్కపాలి పోయి వాటిల్ల నిలబడి చూడాలె అనేది.

ఇప్పుడు నా సంగతి. భద్రాచలం బస్టాండు కాడ నాకు జిరాక్సు, రీచార్జి షాపు. అప్పట్ల అడవి ఊర్లకు సిగ్నల్ లేకుండె. దవాఖానోళ్లకైనా, ఆఫీసోళ్లకైనా ఆ ఊర్లోళ్లు నా షాపు నంబరే ఇచ్చేటోళ్లు. ఫోన్ వస్తే అటు పోయే ఆటోవాళ్లతోటి సంగతి పంపేటోణ్ణి. కాన్పు అయిందని, కొలువు వచ్చిందని, మనిషి పోయిండని, అన్ని నా నోటి మీదుగనే పోయేయి. ఒక్క మాట అటు ఇటు చెయ్యలే ఎన్నడు. ఆ ఒక్క దినం తప్ప.

యాత్రకు తీస్కపోయే హైదరాబాదు వాళ్లు సంఘానికి ఒక్కరినే, ఖర్చంత వాళ్లే పెట్టుకోని, తీసుకుంటమన్నరు. మా సంఘం సుగుణక్క పేరిచ్చింది. ఎవరూ కాదనలే. ఏ కారణం చేతనన్న ఆమె ఆగిపోతే ఇంకొకరు ఉండాలని రెండో పేరు నాది పెట్టిన్రు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు ఇద్దరియి కలిపే హైదరాబాదుకు పంపినం. అక్కను వెంటబెట్టుకోని తిరిగింది నేనే. ఫొటో దిగేటప్పుడు నవ్వొద్దంటే ఆమెకు ఇంకా నవ్వొచ్చింది. ఆనంద్ పోయినంక ఆమె నవ్వంగ నేను చూసుడు అదే మొదలు.

ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ప్రయాణం ముందుకు జరిగింది, సుగుణమ్మ గారిని రేపటికల్ల హైదరాబాదు పంపియ్యిండ్రి అన్నరు. షాపు ముంగట ఆటో నిలబడి ఉంది. అటు పోయేదే. ఒక్క కేక వేస్తే అయిపోవు. నేను వెయ్యలే. ఆమెకు జరం అండీ, దవాఖానల పడ్డది, నేనొస్త అన్న. సైతాను నా నోట్ల కూసోని మాట్లాడిండని చెప్పుకోవచ్చు, మా వాళ్లు నమ్ముతరు గూడ. కానీ మాట్లాడింది నేనే. గొంతు గూడ వణకలే.

ఎందుకు చేసినవ్ రా అని నన్ను నేను ఎన్నిమాట్ల అడిగిననో. చదువు రాని మనిషి, అన్ని పురాతన జాగలు చూసి ఆమెకేం తెలుస్తది, ఒక్క నీళ్ల కాడ కూసోని ఏడుస్తది, అదే నేనైతే అన్ని చూసొచ్చి పదిమందికి సాక్ష్యం చెప్త గద, అది సంఘానికే లాభం గద అని ఆ క్షణంల నాకు నేను చెప్పుకున్న. అది పైమాట. లోపలిది వేరే. నాకు ఆ పేరు కావాలె. రీచార్జి షాపోడు అనిపించుకునుడు విసుగొచ్చింది. షాపు బోర్డు మీద, పెండ్లి కార్డుల మీద ఆ పేరు ఎట్ల కనబడతదో అంతకు ముందే ఊహించుకున్న. థూ, నా బతుకు.

ఆ సాయంత్రం నేనే హాస్టలుకు పోయిన. అక్క గుండిగల పప్పు కలుపుతున్నది. నీ వీసా రాలేదంట అక్కా, నన్ను రమ్మంటున్నరు అన్న. గరిటె ఆగింది. పోనీ తమ్ముడూ, ఎవరో ఒకరం పోతున్నం గద అని లోపలికి పోయి చింతకాయ తొక్కు డబ్బాల పెట్టి తెచ్చింది. ఆ దేశం తిండి నీకు సహించదు అన్నది. ఆ నీళ్లు మాత్రం మంచిగ చూసి రా అన్నది. డబ్బా తీస్కున్న. తీస్కోకుండ ఎట్ల ఉంట?

ఎడారంటే ఇసుక దిబ్బలనుకున్న నేను. రాయే ఎక్కువ. కొండలన్ని చర్మం ఒలిచినట్టు ఉన్నయి. అడవిల పుట్టి పెరిగినోణ్ణి, నీడ లేని జాగ అంత పెద్దది ఉంటదని నాకు తెల్వదు. బస్సు కిందికి దిగుతనే ఉంది, దిగుతనే ఉంది, చెవులు మూసుకపోయినయి. యెరికో చూపించిన్రు. లోకంల అతి పాత ఊర్లల్ల ఒకటంట. మట్టి దిబ్బ, దాంట్ల తవ్విన గుంటలు, గోడల మొదళ్లు. వేల ఏండ్ల కింద ఎవరో కట్టుకున్న గోడ. ఎవరి ఇల్లో, ఎంతమంది పిల్లలో. ఇంకో కాడ కొండ మీద పాత కోట, వాన నీళ్లు దాచుకునేటందుకు రాయిని తొలిచిన పెద్ద పెద్ద గదులు. గైడు ఇంగ్లీషుల చెప్తుంటే ఒక పాస్టరు గారు తెలుగుల చెప్తుండె. అందరు అబ్బా, అమ్మో అంటున్నరు, ఫొటోలు దిగుతున్నరు. అన్ని చూసొచ్చి చెప్తనని గద నేను పోయింది? నాకు ఒక్క మాట ఎక్కలే. బస్సుల నా పక్క సీటు ఖాళీగ ఉండె. బ్యాగు దాని మీద పెట్టిన, మళ్ల తీసి ఒళ్లె పెట్టుకున్న. ఎవరో కూసున్న జాగల సామాను పెట్టినట్టు అనిపించింది. హోటల్ల అన్నం ముంగట తొక్కు డబ్బ తెరిస్తే పక్కోళ్లు అడిగి అడిగి తిన్నరు. ఎవరు చేసిన్రు, మీ ఆవిడా అన్నరు. అవ్ అన్న.

ఆఖరికి ఉప్పు సముద్రం కాడికి తీస్కపోయిన్రు. ఒడ్డు మీద రాళ్లకు ఉప్పు తెల్లగ పేరుకపోయి ఉంది. నీళ్లు నూనె లెక్క జారుతున్నయి. అలల చప్పుడు లేదు, ఒక్క పిట్ట లేదు. మా గుంపుల గుంటూరు దిక్కు ముసలామె ఒకామె ఉండె, మడమ నొప్పి, అడుగడుగుకు అబ్బా అనేది. ఆమె చీర తోటే నీళ్లల్ల కూసున్నది. కాళ్లు వాటంతట అవే పైకి లేచినయి. మంచం మీద పండుకున్నట్టు ఎల్లకిల పండుకోని, చిన్న పిల్ల తీరు కిలకిల నవ్వుడు మొదలుపెట్టింది. అమ్మో అమ్మో, నన్ను ఎత్తుకుంటున్నయి అని ఒకటే నవ్వు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను కొట్టలే. నాకు ఆమె కనబడలే. సుగుణక్క కనబడ్డది.

నేను తిరిగొచ్చిన తెల్లారే మొదటి బస్సుకు అక్క షాపుకు వచ్చింది. కూసోమన్నా కూసోలే. జెరూసలేం గురించి అడగలే, విమానం గురించి అడగలే.

"పోయినవా తమ్ముడూ ఆ నీళ్ల కాడికి?"

"పోయిన అక్కా."

"నిజంగనే ముంచయా?"

ఆమె కండ్లల్ల ఉన్న ఆశ చూసిన. అది చూసి ఉన్నదున్నట్టు చెప్తే, ఆమెది నేనేం దొంగిలించిననో నాకే తేటగ తెలుస్తది. నా చేత కాలే.

"వట్టిదే అక్కా. పాస్టర్లు ఏదో చెప్తరు. లోపలికి పోతే అవి గూడ ముంచుతయి. జాగ్రత్త అని బోర్డులు గూడ పెట్టిన్రు."

"అవ్‌లే," అన్నది అక్క. "నీళ్లు నీళ్లే గద."

చాయ తెప్పిస్తా అన్నా ఆగలే. సంచి సంకల పెట్టుకోని బస్టాండుకు నడిచింది.

కాజేసిన సొమ్ము నకిలీది అంటే దొంగతనం చిన్నదైతదనుకున్న. ఎంత తెలివి నాకు. ఫోన్ కాడ చేసింది తప్పే. కానీ దాన్ని దిద్దుకోవచ్చు. ఈ నీళ్ల అబద్ధం అట్ల కాదని నాకు మరుసటేడు తెలిసింది. హైదరాబాదు వాళ్లు మళ్ల ఫోన్ చేసిన్రు. పోయినసారి పాపం జరం వచ్చిందన్నరు గద, ఈసారి ఆ అమ్మనే తీస్కపోతమన్నరు. నాకు ఎంత సంబురమైందో మీకు చెప్పలేను. ఆటో గూడ పిలవలే, షాపు మూసి బండి మీద నేనే ఉరికిన. ఈసారి నీ సీటే అక్కా, జల్దీ తయారుగ అన్న. దేవుడు నా తప్పు నాతోటే దిద్దిపిస్తున్నడని దారి పొడుగున ఏడ్చుకుంట పోయిన.

అక్క బియ్యం చెరుగుతున్నది. తలెత్తకుండనే, "ఎందుకు తమ్ముడూ," అన్నది. "ముంచే నీళ్లు చూసేటందుకు గంత దూరం పోవాల్నా? మన గోదారి లేదా?"

అప్పుడన్న చెప్పాలె. అక్కడ నేను, ఆమె, చాట, ఇంకెవరు లేరు. అక్కా నేను అబద్ధం చెప్పిన అంటే, ఎందుకు చెప్పినవ్ అంటది. అది చెప్తే ఇది చెప్పాలె, ఇది చెప్తే ఫోన్ సంగతి చెప్పాలె. పోనీ అక్కా, ఊరికే పోయి ప్రార్థన చేసుకోని రా అని బతిమిలాడిన. వద్దు అన్నది. ఆ సీటు వేరే సంఘానికి పోయింది.

ఇప్పుడు అడవిల టవర్లు వచ్చినయి. నా షాపు నంబరు ఎవరికీ అవసరం లేదు. మొన్న హాస్టల్ల ప్రార్థన పెడితే పోయిన. కొత్తగ వచ్చిన టీచరమ్మ ఫోన్ల వీడియో చూపించింది. ఆ సముద్రమే. ఒకాయన నీళ్ల మీద ఎల్లకిల పండుకోని పేపరు చదువుతున్నడు. అక్క ఫోను చేతుల పట్టుకోని చాలా సేపు చూసింది. బొటనవేలుతోటి ఆ నీళ్లను రాసి చూసింది. తర్వాత తిరిగి ఇచ్చేసి, ఫోన్ల ఏదన్న చూపిస్తరు బిడ్డా, మా తమ్ముడు పోయి కండ్లార చూసొచ్చిండు, ఆయన్ను అడుగు అన్నది. టీచరమ్మ నా దిక్కు చూసింది. నేను ఫోన్ వచ్చినట్టు జేబుల చెయ్యి పెట్టుకోని బయటికి వచ్చిన.

ఆ దినం సంది నిద్ర లేదు. అక్క చచ్చిపోయింది కాబట్టి ఇదంతా రాస్తున్న అనుకుంటున్నరేమో. లేదు. పోయినోళ్ల కాడ ఒప్పుకునుడు సులువు. అక్క బతికే ఉంది. మోకాళ్లు అరిగినయి, చర్చి మెట్లు ఎక్కాలంటేనే ఇద్దరు పట్టుకోవాలె. ఇంక ఎటూ పోయేటట్టు లేదు. ఇప్పుడు చెప్తే ఆమెకు ఏం మిగులుతది? చెప్పకపోతే, లోకంల ఉన్న నీళ్లన్ని కొడుకులను మింగేటియే అనుకుంట పోతది. రెండిట్ల ఏది పెద్ద పాపం? నాకు తెల్వదు. క్షమించమని మిమ్మల్ని అడుగుతలేను. మీరిచ్చేది కాదు అది.

ఒక్కటి మిగిలింది. ఆ ఉప్పు సముద్రం కాడ సాయంత్రం అందరు ఒడ్డెక్కి బట్టలు మార్చుకుంటుంటే నేను ఒక్కణ్ణే మళ్ల దిగిన. చావాలని కాదు. అక్క వచ్చి ఉంటే అదే చేస్తుండె అనిపించింది, ముంచుతయో ముంచయో ఆమె బదులు చూద్దామని. మోకాళ్లు ముడుచుకోని, ఊపిరి బిగబట్టి, ఒళ్లంత కిందికి నూకుకున్న. కండ్లు మండినయి. నీళ్లు నన్ను పైకి ఎత్తినయి. మళ్ల నూకుకున్న, మళ్ల ఎత్తినయి. దొంగనని గూడ చూడలే. ముంచవు. ఆ నీళ్లు ఎవ్వరినీ ముంచవు. ఇన్నేండ్లకు ఈ మాట ఒక మనిషికి చెప్పిన.