ఫాదర్ ఒప్పుకున్నడు

ఒక పెద్దమనిషికి ఆయనకే తెలియకుండా పెళ్లి చేసి, ఇద్దరు పిల్లల్ని ఇచ్చి, దుబాయికి పంపి, అక్కడ సెంట్రింగు పనిలో కూడా పెట్టాను. ఇదంతా ఒక్క పూటలో, ఎల్లారెడ్డిలో, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా చేశాను. నమ్మరు కదా? చెప్తాను, వినండి. కానీ మా అక్క ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి. ఆమె నవ్వడం మొదలుపెడితే పొయ్యి మీద కూర మాడిపోతుంది.

తెలంగాణ కోసం రోజుకో బంద్ నడుస్తున్న కాలం అది. నేను కామారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అంటే, ఫీజు కట్టాను. అయినా మావాళ్లందరిలో నాకు 'ఇంగ్లీషు వచ్చినోడు' అని పేరు. ఎవరి సెల్లుకు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చినా చదివి అర్థం చెప్పేది నేనే. బ్యాలెన్స్ అయిపోయిందనే సంగతిని నాకంటే గంభీరంగా చెప్పేవాడు మా దగ్గర లేడు.

మా అక్కను ఎల్లారెడ్డి అవతల, రోడ్డుకు బాగా లోపల ఉన్న పల్లెకు ఇచ్చాం. బావ దుబాయిలో ఉంటాడు. వాళ్ల బిడ్డ లావణ్య ఆ ఏడే ఎల్లారెడ్డి మిషన్ స్కూల్లో ఆరో తరగతిలో చేరింది. చేరింది సరే, పోయేదెట్లా? ఆ పల్లెకు వచ్చేది ఒక్కటే ఆర్టీసీ బస్సు. బంద్ లేని రోజున వచ్చేది, అదీ దానికి మనసైతే. అక్క అత్త తేల్చి చెప్పేసింది.

"దసరా దాక చూస్త. బస్సు దొరకకుంటే బడి బంద్. ఇంట్ల కూసోని బీడీలు చుడ్తది."

లావణ్య రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. సరిగ్గా అప్పుడే ఒక మంచి కబురు తెలిసింది. మిషన్ స్కూలువాళ్లు తమ బడికి వచ్చే దూరపు ఊళ్ల పిల్లలకు ఉచితంగా బస్సు నడుపుతారట. ఏ మతం పిల్లలైనా సరేనట. అక్క అత్తకు ఇది మింగుడుపడలేదు.

"పుణ్యానికి బస్సెవడు తోలుతడు? ఎక్కినంక మతంల కలుపుకుంటరేమో!"

"ముందుగాల బస్సుల కలుపుకోనియ్యి అత్తమ్మా," అంది అక్క. వెంటనే నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, ఇంగ్లీషు వచ్చినోనివి. నువ్వే పోయి మాట్లాడు."

పోయాను. ఆఫీసులో కేరళ నుంచి వచ్చిన సిస్టర్ ఉన్నారు. తెలుగును వేడి పాల గ్లాసులా జాగ్రత్తగా పట్టుకుని మాట్లాడతారు.

"మీ ఊరు మా రూట్‌లో లేదు. బస్సు లోపలికి రావాలంటే ఫాదర్ ఒప్పుకోవాలి."

"ఫాదర్ ఒప్పుకుంటే సాలా సిస్టర్?"

"చాలు. ఫాదర్ మాట ఫైనల్."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా వైపు చర్చి పెద్దను పాస్టరు అంటాం, లేదంటే అయ్యగారు అంటాం. ఫాదర్ అంటే బాపు. నాకు ఖచ్చితంగా తెలిసిన కొద్దిపాటి ఇంగ్లీషులో ఆ ముక్క ఒకటి. పిల్ల బస్సెక్కడానికి కూడా తండ్రి మాట తీసుకుంటున్నారంటే ఎంత పద్ధతి గల బడి అని నా మనసు పొంగిపోయింది.

ఆ సాయంత్రం బావ డ్యూటీ దిగాక ఫోన్ కలిపాను.

"బావా, లావణ్య బస్సుకు నువ్వు ఒప్పుకోవాల్నట."

"ఫ్రీ బస్సుకు నేనెందుకు ఒప్పుకోనురా?"

"గట్లనే అడిగిండ్రు. నీ మాటే ఫైనల్ అంట."

"నా మాట ఫైనలా? మీ అక్క గిట్ల విన్నదా?" అన్నాడు బావ. తర్వాత గొంతు సవరించుకుని, "ఒప్పుకున్న అని చెప్పు. జర గట్టిగ చెప్పు," అన్నాడు.

మర్నాడు లావణ్యను వెంటబెట్టుకుని వెళ్లి, సిస్టర్ ఎదుట కుర్చీలో దర్జాగా కూర్చున్నాను.

"సిస్టర్, ఫాదర్ ఒప్పుకున్నడు."

"చాలా సంతోషం! ఎప్పుడు కలిశారు?"

"కలువలే. నిన్న ఫోన్ల మాట్లాడిన."

"ఫోన్‌లో ఎందుకు? ఇక్కడే ఉన్నారు కదా?"

"ఇక్కడెక్కడ సిస్టర్, దుబాయ్‌ల ఉన్నడు."

సిస్టర్ కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఆ ఫాదర్ ఆ బడికి కొత్తగా వచ్చారనీ, ఆయన సంగతులు సిస్టర్‌కూ పెద్దగా తెలియవనీ, ఆ పొద్దున్నుంచి ఆయన సిస్టర్ కంటపడలేదనీ నాకు తర్వాత తెలిసింది.

"దుబాయ్ ఎందుకు వెళ్లారు?"

"సెంట్రింగ్ పనికి."

"ఫాదర్ సెంట్రింగ్ చేస్తారా?"

"మంచిగ చేస్తడు. జల్ది మేస్త్రీ అయితడు."

లావణ్య నా చొక్కా గుంజింది. "మామా, ఫాదర్ అంటే..."

"నువ్వు ఊకో. పెద్దోళ్ల మాటల నడుమల రావద్దు."

సిస్టర్ గొంతు సన్నబడింది. "మళ్లీ ఎప్పుడు వస్తారు?"

"రెండేండ్లకు. అప్పటికీ రాకపోతే మా అక్క ఊకుంటదా?"

"మీ అక్కకు ఏం సంబంధం?"

"గదేంది సిస్టర్! ఆయన పెండ్లామే గద!"

సిస్టర్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. గల్ఫ్ వాళ్ల సంసారాలు తలుచుకుని ఆమె మనసు కరిగిందనుకున్నాను. ఓదార్చడం నా ధర్మం కదా.

"ఏం చేస్తం సిస్టర్. ఇద్దరు పిల్లలు. ఈమె పెద్దది. చిన్నోడు పుట్టినప్పుడు గూడ రాలే, పాపం."

సిస్టర్ లేచి వరండాలోకి పరుగులాంటి నడకతో వెళ్లారు. తెల్లటి అంగీ వేసుకున్న పొడుగాటి మనిషితో తిరిగొచ్చారు. "మీకు భార్య ఉందని ఈ అబ్బాయి చెప్తున్నారు," అన్నారు ఆయనతో, నేలను చూస్తూ.

నేను కంగారుగా సర్దిచెప్పాను. "మీకు కాదు సార్. ఫాదర్‌కు."

"నేనే ఫాదర్‌ని బాబూ."

నాకు ఒళ్లు మండింది. మా అక్కను అంత మాట అంటాడా! "ఏం మాట్లాడుతున్నవ్ సార్? లావణ్యకు నువ్వెట్ల ఫాదర్ అయితవ్?"

అప్పుడు అరిచింది లావణ్య. "మామా! ఈ సార్‌నే స్కూల్ల అందరం ఫాదర్ అంటం! చర్చి అయ్యగారు!"

కుర్చీ కింద నా పాటి మనిషికి చోటుంటుందా అని చూశాను. లేదు. అంతలోనే భయం పట్టుకుంది. బస్సు ఇచ్చే మనిషినే నిలదీశాను. ఇక ఆ పల్లెకు బస్సేం వస్తుంది? నా ఇంగ్లీషు దెబ్బకు ఈ పిల్ల బీడీల ముందు కూర్చుంటుంది. నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే సిస్టర్ చెప్పిన మాట, బావ ఒప్పుకోవడం, దసరా గడువు, అన్నీ ఆయన ముందు కక్కేశాను.

ఫాదర్ మొదట పెదవులు బిగబట్టారు. తర్వాత బల్ల పట్టుకున్నారు. ఆపైన కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు కారేలా నవ్వారు. కాసేపటికి తేరుకుని లావణ్యను దగ్గరకు పిలిచారు.

"మీ బాపు నిజంగా ఒప్పుకున్నారా అమ్మా?"

"ఒప్పుకున్నడు ఫాదర్."

"అయితే నేనూ ఒప్పుకున్నాను. ఇద్దరు ఫాదర్లూ ఒప్పుకున్నాక ఇంకేం అడ్డు? సోమవారం నుంచి బస్సు ఆ ఊరికి పంపండి సిస్టర్."

సిస్టర్ తలూపారు గానీ ఇంకా పూర్తిగా తేరుకోలేదు. "ఫాదర్, మీరు దుబాయ్ వెళ్లరు కదా?" అని మెల్లగా అడిగారు.

సోమవారం బస్సు పల్లెలోకి వచ్చింది. మతంలో కలుపుకుంటారేమోనని భయపడిన అక్క అత్తే దాని ముందు కొబ్బరికాయ కొట్టి, డ్రైవరుకు బొట్టు పెట్టింది. లావణ్య కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు మలుపు తిరిగేదాకా నాకు చెయ్యి ఊపింది. నాకు కడుపు నిండినట్టయింది.

ఆ రోజే ఊరి పోచమ్మ మీద, బడి మరియమ్మ మీద కలిపి ఒట్టు వేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరు ఫాదరన్నా, మదరన్నా, బ్రదరన్నా, 'ఎవరికి?' అని అడగనిదే నోరు విప్పను. మళ్లీ ఏ పొరపాటూ రాకుండా ఆ ఒట్టు తెలుగులోనే వేశాను.