వెనక్కి నడిస్తే మైనస్ ఎట్లయితది?

ఇది 2022 నాటి మాట. గద్వాలలోని ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో వెక్టర్లు మొదలుపెట్టగానే సగం క్లాసు కళ్ళు తేలేస్తుంది, అది నాకు అలవాటే. మంజుల సంగతి వేరు. చురుకైన పిల్ల, సివిల్ ఇంజినీరింగ్ చదవాలని కోరిక. డిస్‌ప్లేస్‌మెంట్ లెక్క ఇస్తే మాత్రం ప్రతిసారీ తప్పే.

డిస్‌ప్లేస్‌మెంట్ అంటే బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటుకు తిన్నగా ఎంత దూరం, ఏ దిక్కున అన్నది. తూర్పుకు నలభై మీటర్లు వెళ్ళి, పడమరకు పదిహేను వెనక్కి వస్తే, ఎదురు దిక్కుది తీసేయాలి. ఇరవై అయిదు మిగులుతుంది. మంజుల యాభై అయిదు వేసేది. పరీక్ష తప్పాక, ఎంపీసీ వదిలేసి సీఈసీలో చేరతానని నా ముందుకు వచ్చి నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మైనస్ గుర్తు కోసం ఇంజినీరింగ్ వదులుకుంటావా అని కసిరాను.

తల దించుకునే చెప్పింది.

"వెనక్కి నడిచినప్పుడు గూడ దారం పడ్తది గద మేడం. మైనస్ ఎట్లయితది?"

ఏ దారమో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే తెలిసింది. వాళ్ళది చీరలు నేసే ఇల్లు. మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను పడుగు అంటారు. వాళ్ళమ్మ సందులో ఆ పడుగు పోస్తోంది. ఆ కొసనా ఈ కొసనా పాతిన కర్రల మధ్య దారం పరుస్తూ పోవడం, కర్రకు చుట్టి మళ్ళీ పరుస్తూ రావడం. పుట్టినప్పటి నుంచి ఇదే చూసిన పిల్లకు తిరిగొచ్చిన నడక కూడా కూడికే. నా కోపమంతా దిగిపోయింది. ముచ్చటేసింది కూడా.

వాళ్ళమ్మ ఒక చుట్టు తిరిగొచ్చేదాకా ఆగి, దారం ఎంత పడిందని మంజులను అడిగాను. పోయినంతా వచ్చినంతా కలిపి చెప్పింది. మరి అమ్మ బయల్దేరిన చోటు నుంచి ఎంత దూరంలో ఉందని అడిగితే, అమ్మ నిలబడ్డ కర్ర వైపు చూసి సున్నా అంది. మొదటిది దూరం, రెండోది డిస్‌ప్లేస్‌మెంట్ అన్నాను. సుద్దముక్క ఇస్తే బండ మీద తనే బాణాలు గీసి, ఎదురుబొదురువి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది. తూర్పుకు నాలుగు, ఆ తర్వాత ఉత్తరానికి మూడు అంటే, ఈసారి ఏడనలేదు. మొదటి బాణం తోక నుంచి రెండోదాని మొనకు ఏటవాలుగా గీత కలిపి, కాసేపు లెక్క చూసుకుని, అయిదంది.

వింటూ ఉన్న వాళ్ళమ్మ చేతిలో దారం అలాగే పట్టుకుని నన్ను అడిగింది.

"అంటే పొద్దంత నేను నడిచింది సున్నానా మేడం?"

నాకంటే ముందే మంజుల అందుకుంది.

"నడక సున్నా కాదమ్మా. నువ్వు యాడికి పోలేదు, గంతే. నడిచిందంత దారంల ఉంది."

ఆమె నవ్వి మళ్ళీ పనిలో పడింది. నేను వాళ్ళిచ్చిన చాయ్ తాగి, చాలా రోజుల తర్వాత హాయిగా ఇంటికి నడిచాను.

మంజుల ఎంపీసీలోనే ఉండిపోయింది. ఇప్పుడు వనపర్తిలో సివిల్ చదువుతోంది. పేపర్లు దిద్దేటప్పుడు నేను ఇప్పటికీ ఎర్ర పెన్నే పట్టుకుంటాను. కొట్టేసే ముందు మాత్రం, ఈ పిల్ల ఏ ప్రశ్నకు జవాబు రాసిందా అని ఒక్క క్షణం ఆగుతాను. మంజుల వేసిన యాభై అయిదు సరైన జవాబే. నేనే దారం గురించి అడగలేదు.