పోస్టమ్మ తలకిందుల ఒర

వీబ్కా ట్యార్క్స్ ఇరవై తొమ్మిదేళ్ళుగా జర్మనీలో ఎమ్డెన్ ఊరి చుట్టుపక్కల ఉత్తరాలు పంచుతోంది. అయినా ఆమెను పలకరించి చూడండి, ఉద్యోగం సంగతి రెండో మాటే. ఏటా ఆగస్టులో వేలమంది వేషాలు కట్టి ఫోమ్ కత్తులతో యుద్ధమాట ఆడే మైదానంలో తను దొరసానికి అంగరక్షకురాలు. ఆ పదవికి పదకొండేళ్ళు. దొరసాని అంటే హెడ్డా, పళ్ళ డాక్టరు.

ఆ దొరసాని దండులో అంగరక్షకులు కత్తిని వీపునే కట్టాలి, భుజం మీదుగా దూయాలి. కిందటి చలికాలం వీబ్కా కుడి భుజానికి ఆపరేషనైంది. ఇన్నేళ్ళ ఉత్తరాల సంచీ చేసిన నిర్వాకం! చెయ్యి చెవి దాటి పైకి లేవదు.

ఈసారి దండు నాయకుడు యోరిన్, ఇరవై ఆరేళ్ళవాడు. గుడారాలు వేస్తుండగానే అందరి ముందూ అనేశాడు.

"పోస్టమ్మా, ఏమనుకోకు. నువ్వు కత్తి దూసేసరికి దొరసాని దినం కూడా అయిపోతుంది. ఈ ఏడు వంటగుడారంలో సూప్ కలుపు."

"ఆ సూప్ నీ నెత్తిన పోస్తా. పరీక్ష పెట్టు!"

"సరే, రేపు పొద్దున. మూడు లెక్కపెట్టి గొడ్డలితో వస్తా. హెడ్డాకి తగిలిందా, గరిటె నీదే."

"తగిలితే కదా!"

ఉత్త బింకం కాదది. వసంతమంతా వంటింటి బల్ల మీద తోలు కుట్టింది ఆమె. చెయ్యి పైకి పోకపోతే కత్తినే తిరగేస్తే సరి. మొన పైకి, పిడి కుడి తుంటి వెనక్కి. ఇనప కత్తయితే జారిపడేదే. ఫోమ్ కత్తికి బరువెంత? పిడి చుట్టూ తోలుపట్టీ, దానికో టిచ్ బటన్ చాలు. కత్తి పక్కకే ఊడొచ్చేలా ఒరకు ఒక పక్కంతా తెరిచే ఉంచింది. కత్తి మీది రబ్బరు పూత ఎండకు తోలుకు అంటుకోకుండా లోపల పాత వానకోటు గుడ్డ వేసింది. మొదట కుట్టిన ఒరను కట్టుకుని చూస్తూ బయటికెళ్తే, రొట్టెల కొట్లో కత్తి జారి ఒకాయన కాలి మీద పడింది. పాపం, ఆయనే క్షమాపణ చెప్పుకున్నాడు.

మర్నాడు దండంతా చుట్టూ చేరింది. హెడ్డా వీబ్కా వెనక నిలబడింది. అందరికీ ఒర కనబడింది.

"అయ్యో, తలకిందులుగా కట్టింది!" అని ఎవరో నవ్వారు.

"ఒకటి... రెండు..." మూడు అనకుండానే దూకాడు యోరిన్, దొంగ వెధవ!

వీబ్కా చెయ్యి వెనక జేబు తడుముకున్నట్టు కిందికి పోయింది. బటన్ టప్పుమంది. అతని గొడ్డలి గాల్లో ఉండగానే కత్తి అతని పొట్టకు తగిలింది.

దెబ్బ తగిలితే చావాల్సిందే, అది ఆటలో ధర్మం. యోరిన్ తడి గడ్డిలో వెల్లకిలా పడ్డాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"పోస్టమ్మా, అదీ..."

"నోర్ముయ్. శవాలు మాట్లాడవు."

"మరి పరీక్ష తీర్పు నేను చెప్పొద్దా?" అంది శవం.

హెడ్డా గౌను కుచ్చిళ్ళు ఎత్తిపట్టి వెనకనుంచి అతని చాచిన కాళ్ళు దాటుకుంటూ ముందుకొచ్చి, వీబ్కా ఎడమ పక్కన నిలబడింది. అంగరక్షకుల కుడిచేతిని కత్తికి వదిలి, దొరసాని నిలబడే చోటది. చలికాలం నుంచీ బిగబట్టుకున్న ఏడుపు వీబ్కాకి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. తుడుచుకోలేదు కూడా.

"నడవండి దొరసానీ," అంది.